మెడ మీద రెండు వేళ్ళు

పొద్దున్న ఏడింటికల్లా మోటారు మేస్త్రీ షట్టరు ఎత్తేస్తాడు. ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో కొట్టు, దాని వెనక పొడుగాటి గది, ఆ వెనక వంటిల్లు. ఆ రోజు బల్ల మీద నీళ్ళ మోటారు ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ మొనని మోటారు ఒంటి మీద, పిడిని తన చెవి వెనక ఎముక మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మోటారు తెచ్చిన మనిషి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

“వెనక బేరింగు. మూడు గుండ్లు అరిగాయి.”

విప్పి చూస్తే సరిగ్గా మూడే అరిగి ఉన్నాయి.

“అవి చెవులు కావు మేస్త్రీగారూ, ఎక్స్‌రే మిషన్లు!” అన్నాడు ఆ మనిషి.

ముప్పై ఏళ్ళుగా వింటున్న మాటే. అయినా విన్న ప్రతిసారీ మేస్త్రీకి నడుం నిటారు అవుతుంది. మగాడికి బయట నలుగురు ‘మేస్త్రీ’ అంటే చాలు, ఇంట్లో కూడా తనే మేస్త్రీ అనుకుంటాడు. అక్కడే వస్తుంది తంటా.

వెనక గదిలో ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ గదిలో ఏడుగురు చంటిపిల్లలు ఉండేవారు. ఉద్యోగాలకి పోయే తల్లులు పొద్దున్నే వదిలి, సాయంత్రం తీసుకెళ్ళేవారు. వీధిలో ఆమె పేరు ఎవరికీ గుర్తులేదు, ‘పిల్లలమ్మ’ అంటేనే తెలుసు. ఏడాదిన్నరగా ఆ గదిలోకి పిల్లలు రావడం లేదు. చాపలు చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. ఆమె రోజంతా వాటి ఎదురుగానే కూర్చుంటుంది. మాత్రల మత్తుకి కళ్ళు సగం మూతలు పడి ఉంటాయి.

“నాన్నా, ఇవాళ సెలవు పెట్టాను. అమ్మని చెవి డాక్టర్‌కి చూపిస్తాను,” అంది కూతురు చిట్టి, కొట్టు గుమ్మంలోకి వచ్చి. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. మాట కూడా అలాగే అరగదీసి, పదును పెట్టి వదులుతుంది.

“చెవికేమైందిట? లేని చప్పుళ్ళు కూడా వినబడుతున్నాయి మీ అమ్మకి. అంతకంటే మంచి చెవి ఇంకెవరికుంది?” అని తన జోకుకి తనే నవ్వాడు మేస్త్రీ.

“నువ్వూ ఓసారి తీసుకెళ్ళావుగా, చెవి డాక్టర్ దగ్గరికని చెప్పి.”

నవ్వు ఆగిపోయింది. మోటారు తాలూకు మనిషి గోడకున్న క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళ కిందట మొదలైంది ఇదంతా. “ఎడమ చెవిలో హుష్ హుష్‌మని ఏదో కొడుతోందండీ, ఎవరో పంపు నడుపుతున్నట్టుంది,” అంది ఆమె ఒకరోజు. చప్పుడు అంటే మేస్త్రీ ఊరుకుంటాడా? ఫ్రిజ్ ఆపాడు. ఫ్యాన్లు విప్పాడు. పక్కవాళ్ళ నీళ్ళ పంపు దాకా వెళ్ళి విన్నాడు. చివరికి మెయిన్ తీసేసి, ఇల్లంతా నిశ్శబ్దం చేసి, నడి గదిలో నిలబడి చెవి రిక్కించాడు. “నాకు వినబడని చప్పుడు ఈ ఇంట్లో లేదు,” అని తేల్చేశాడు. ఆ తీర్పు మీద ఇక అప్పీలు లేదు.

ఆమె అడుగుతూనే ఉంది, అతను కసురుతూనే ఉన్నాడు. కొన్నాళ్ళకి ఆమె అడగడం మానేసి, ఇంకో పని మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో మెడ పక్కన గట్టిగా నొక్కుకునేది. పిల్లలు నిద్రపోయినప్పుడు ఓ మూల చేరి అలాగే ఉండిపోయేది. ఏడాదిన్నర కిందట ఒక తల్లి తలుపు తీసుకుని లోపలికి వచ్చి చూసి కెవ్వుమంది. “పిల్లలమ్మ గొంతు నొక్కుకుంటోంది!” అని వీధి వీధంతా పొక్కింది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు, చెవి డాక్టర్‌కి చూపిస్తానని ఆటో ఎక్కించి, మనోవ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, కాగితం మీద సంతకం పెట్టి, ఇరవై ఒక్క రోజులు అక్కడ వదిలి వచ్చాడు. ఈ మాత్రలు అప్పట్నుంచే.

తన మీద తనకి అనుమానం రాని మనిషి ఎంత ఘోరమైనా చల్లగా చేసేస్తాడు.

*

సాయంత్రం నాలుగింటికి తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. మేస్త్రీ రాగి తీగ చుడుతున్నాడు. చిట్టి చెప్పులు విడవకుండానే వచ్చి, చుట్టే మిషన్ స్విచ్ ఆపేసింది.

“ఏయ్! తీగ తెగుతుంది!”

“తెగనీ. నాన్నా, అమ్మకి నిజంగానే చప్పుడుంది.”

“ఎవరన్నారు?”

“డాక్టరమ్మ. అమ్మ చెవి వెనక గొట్టం పెట్టి తను కూడా వింది.”

“ఆవిడ వినడమేంటి! ఒకళ్ళ చెవిలో చప్పుడు ఇంకొకళ్ళకి వినబడుతుందా? నాకు చెప్తున్నావా చప్పుళ్ళ సంగతి?”

“ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ‘ఎక్కడైనా నొక్కితే ఆగుతుందా అమ్మా?’ అని. మూడేళ్ళలో ఆ మాట మనం ఒక్కళ్ళమూ అడగలేదు. నేనూ అడగలేదు.” చేతిలో కాగితాలు బల్ల మీద పడేసింది చిట్టి. “అమ్మ వెంటనే మెడ మీద వేళ్ళు పెట్టి చూపించింది. డాక్టరమ్మ కుర్చీ లోంచి లేచింది.”

“సరే, ఏదో చెప్పుంటుంది. వాళ్ళకీ స్కానింగులు ఆడాలిగా.”

“నాన్నా!”

“అరవకు. బయట జనం వింటారు.”

“వినాల్సినప్పుడు వినకుండా, ఇప్పుడు జనం వింటారని భయమా?”

మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు. “ఏం చెయ్యమంటావు నన్ను? ఇల్లంతా వెతకలేదా? మీ అమ్మ గొంతు నొక్కుకుంటుంటే చూస్తూ కూర్చోమంటావా? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకేం తెలుసు? చచ్చిపోతుందేమోనని నేను పడ్డ భయం నీకేం తెలుసు!”

అంతవరకూ గుమ్మం పట్టుకుని నిలబడిన భార్య కొట్టులోకి వచ్చింది. ఆ కొట్టులోకి ఆమె వచ్చి ఏడాది దాటింది. బల్ల ముందున్న స్టూలు లాక్కుని, మేస్త్రీకి ఎడమ పక్క చూపిస్తూ కూర్చుంది. జుట్టు ఎత్తిపట్టుకుంది.

“మోటారుకి చెవి పెడతారుగా,” అంది. “నాకూ పెట్టండి.”

“ఏంటే ఇది, పిచ్చి…” అనబోయి ఆగాడు.

“ఆ మాట అంటూనే పెట్టండి. ఫరవాలేదు.”

చిట్టి వెళ్ళి మెయిన్ తీసేసింది. ఫ్యాను గిర్రున తిరిగి తిరిగి ఆగింది. షట్టరు సగం దించింది. మేస్త్రీ చెయ్యి అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. అంతలో సిగ్గేసి వదిలేశాడు. వంగి, భార్య చెవి వెనక ఎముకకి తన చెవి ఆనించాడు.

ఆమెకి అంత దగ్గరగా వచ్చి ఎన్నాళ్ళైందో అతనికి గుర్తు రాలేదు. మొదట ఏమీ వినబడలేదు, తన రొప్పు తప్ప. నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

హుష్… హుష్… హుష్…

ఎంతో లోతు నుంచి, సన్నగా, తెంపు లేకుండా. నీళ్ళ పైపులో గాలి చేరినప్పుడు కొట్టుకున్నట్టు.

ఆమె రెండు వేళ్ళు మెడ మీద పెట్టి నొక్కింది. చప్పుడు ఆగిపోయింది. వేళ్ళు తీసింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ నొక్కింది. ఆగింది.

మేస్త్రీ వెనక్కి తూలి బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ వేళ్ళు చూసే కదా అతను సంతకం పెట్టింది. ఆ వేళ్ళు చూసే కదా స్నానాల గది గడియ పీకించింది, కత్తెర దాచింది, కూరగాయల కత్తిని తన కొట్టులో పెట్టుకుని తాళం వేసింది.

“ఎప్పుడూ ఇలాగేనా?” అన్నాడు.

“నిద్రలో తప్ప. ఇప్పుడు మీ మాత్రలు వేసుకున్నాక నిద్రలో కూడా.”

“నాకు… నాకు చెప్పాల్సిందిగా…”

చిట్టి పకాలున నవ్వింది. అది వినడానికి ఏడుపు కంటే అన్యాయంగా ఉంది.

*

స్కానింగు ఫిల్ములు వెలుగు పెట్టెకి తగిలించి, ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు వేలితో చూపించాడు.

“మెదడులోంచి రక్తాన్ని కిందికి దించే పెద్ద సిర ఇది. చెవి వెనక ఎముక లోంచి పోతుంది. ఈవిడకి ఆ ఎముక గోడ ఇక్కడ అరిగిపోయింది. సిర ఆ కన్నంలోంచి బుడగలా పొంగింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం అందులో సుడి తిరుగుతుంది. పక్కనే చెవి. గోడ లేదు కాబట్టి ఆ హోరంతా ఆవిడకి వినబడుతుంది.”

మేస్త్రీకి అర్థమైంది. తీగ మీద పూత పోతే కాయిల్ మోటారు ఒంటికి తగులుతుంది, మోటారు హోరెత్తుతుంది. రోజూ చూసేదే. పరాయివాళ్ళ మోటార్లలో అయితే రెండు నిమిషాల్లో పట్టేస్తాడు.

“నొక్కితే ఎందుకు ఆగుతుంది సార్?” అన్నాడు. తెలుసుకోవాలని కాదు, తనకి తాను శిక్ష వేసుకోవాలని.

“అదే సిర మెడలోకి దిగుతుంది. అక్కడ నొక్కితే పారుదల తగ్గుతుంది. చాలామంది రోగులు తమంతట తామే కనిపెడతారు దాన్ని. తెలివైన పనే. వాళ్ళకి దొరికేది ఆ ఒక్క నిమిషం ప్రశాంతతే.”

“పిల్లల్ని కూడా ఎడమ భుజం మీదే వేసుకునేదాన్ని డాక్టరుగారూ,” అంది ఆమె. “వాళ్ళ తల మెడకి ఒత్తుకుంటే తగ్గేది. నిద్రపోయినా దించేదాన్ని కాదు. అందరూ ముద్దు చేస్తున్నాననుకునేవారు. ముద్దు కూడా ఉందిలెండి.”

డాక్టరు నవ్వాడు. మేస్త్రీ నేలకేసి చూశాడు.

చెవి వెనక కోసి, ఎముకని తొలిచి, పొంగిన సిరని లోపలికి నెట్టి, ఆమె ఒంట్లోంచే తీసిన కండ పొరతో, ఎముక పొడితో గోడ కడతామని చెప్పాడు. సిర పూడుకుపోతే మెదడుకి వాపు రావచ్చట. చిరిగితే రక్తం ఆపడం కష్టమట. చాలామందికి చప్పుడు పోతుంది, కొందరికి తగ్గుతుందంతే.

“ప్రాణానికేమైనా…” మేస్త్రీ అడగలేకపోయాడు.

“చాలా అరుదు. అసలు లేదని మాత్రం చెప్పను.”

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక మేస్త్రీ నోరు విప్పాడు. “వద్దేమోనే. తల తొలవడం అంటే మాటలా? మూడేళ్ళు ఎలాగో భరించాం…”

“ఎవరు భరించారు?”

మేస్త్రీ చేతిలో స్కానింగు కవరు అటూ ఇటూ తిప్పాడు.

“మీరు విన్నది ఒక్క నిమిషం. నావి మూడేళ్ళు. ఆ ఆసుపత్రిలో ఇరవై ఒక్క రోజులు నా పక్క మంచం అమ్మాయి గోడకి తల కొట్టుకునేది. దానికీ ఏదో వినబడుతోందేమోనని రోజూ అడిగేదాన్ని. అది చూసి నర్సులు నాకు ఇంకో సూది పొడిచేవారు.”

“ఏదైనా జరిగితే?”

“జరిగితే పోతాను. ఈసారి నా సంతకంతో పోతాను.”

నర్సు కాగితాలు తెచ్చి అలవాటుగా మేస్త్రీ చేతికి ఇవ్వబోయింది. చిట్టి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి తీసుకుని తల్లి ఒళ్ళో పెట్టింది. మాత్రలకి ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. పేరులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అయినా చివరిదాకా రాసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె తన పేరు రాస్తుండగా మేస్త్రీ చూడడం అదే మొదలు.

*

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. మేస్త్రీ ఆ వరండా ఈ కొసనుంచి ఆ కొసదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పైన గాలి పంపే మిషను ఒకటి గరగరమంటోంది, దాని బేరింగు పోతోంది. మామూలుగా అయితే ఎవరినో ఒకరిని పిలిచి చెప్పేవాడు. ఆ రోజు తన చెవుల మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం గదిలోకి మార్చాక లోపలికి రానిచ్చారు. తల చుట్టూ పెద్ద కట్టు. ముఖం ఉబ్బి ఉంది. చిట్టి మంచం పక్కన వంగి, “అమ్మా, ఉందా?” అంది.

ఆమె చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంది. తర్వాత మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి చెంప తడిసింది.

“లేదు.”

చిట్టి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. మేస్త్రీ మంచం దగ్గరికి జరిగాడు. “పోయింది కదా. ఇంక అంతా మరిచిపో. మళ్ళీ మునుపటిలా…”

“మునుపటిలా కాదు,” అంది ఆమె. గొంతు గాలిలా ఉంది, మాట మాత్రం తొణకలేదు. “ఇన్నాళ్ళూ ఆ హోరులో సగమే వినబడేవి మీ మాటలు. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. మీరన్నవన్నీ ఒక్కొక్కటే వినబడుతున్నాయి.”

మేస్త్రీ మంచం చువ్వ పట్టుకున్నాడు.

“పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మానేశారన్నారు నాతో. కాదు. నన్ను ఆసుపత్రిలో వదిలి వచ్చిన సాయంత్రం మీరు ఏడిళ్ళకీ వెళ్ళారు. ‘మా ఆవిడకి బుర్ర చెడింది, పిల్లల్ని పంపకండి’ అని మీ నోటితో చెప్పారు. నా దగ్గర పిల్లాణ్ణి వదిలి వెళ్ళే ఆ బస్సు కండక్టరమ్మ ఎప్పుడో చెప్పింది నాకు. మీరు చెప్తారేమో అని చూశాను.”

“ఏదైనా జరిగితే పరువు పోతుందని… పిల్లలు కదా… భయపడ్డాను.”

“భయపడ్డారు. నిజమే. వాళ్ళ కోసం భయపడ్డారు, పరువు కోసం భయపడ్డారు.” ఆయాసం వచ్చి ఆగింది. “వెళ్ళి చెప్పండి. ఆ ఏడిళ్ళకే. చిట్టిని పంపకండి, ఫోన్లు చెయ్యకండి. మీ కాళ్ళతో వెళ్ళి, మీ నోటితో చెప్పండి.”

“ఏమని?”

“అది కూడా నేనే చెప్పాలా?”

*

ఆమె ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం, షట్టరు దించి, చేతులకున్న వార్నిష్ కిరసనాయిలుతో కడుక్కుని మేస్త్రీ బయల్దేరాడు. చేతులు ఎంత కడిగినా వాసన పోలేదు.

మొదటి ఇల్లు టీచరుది. తలుపు తీసి, “రండి అన్నయ్యగారూ, మోటారు బానే నడుస్తోందే!” అంది.

“మోటారు కోసం కాదమ్మా. మా ఆవిడకి పిచ్చి లేదు. ఎప్పుడూ లేదు. చెవి వెనక రక్తనాళం జబ్బు. ఆపరేషన్ అయింది. నేనే తప్పు చెప్పాను.”

ఆమె తలుపు పూర్తిగా తెరవబోయి ఆగిపోయింది. “అలాగా… పాపం. మా పాపని బడిలో వేసేశాంలెండి.”

రెండో ఇంట్లో తాత ఒకడు ఉయ్యాల బల్ల మీంచి లేవకుండానే అన్నాడు: “అప్పుడొచ్చి పిచ్చి అన్నావు. ఇప్పుడొచ్చి లేదంటున్నావు. రేపొచ్చి ఇంకేమంటావో! నీ మాట మీద పిల్లల్ని ఎలా పంపుతారయ్యా?”

మేస్త్రీ దండం పెట్టి దిగిపోయాడు. మూడో ఇంట్లో టీవీ చప్పుడు తగ్గించకుండా విన్నారు. నాలుగో ఇంట్లో తలుపు సందులోంచే పంపేశారు. అయిదో ఇంటి అల్లుడు, “కోసి కుట్టిన తలతో పిల్లల్ని ఎత్తుకుంటుందా అండీ?” అని నవ్వాడు. ఒకప్పుడు ఇలాంటి నవ్వు తను కూడా నవ్వేవాడు. అందుకే అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆరో ఇంటివాళ్ళు అంతా విని, “ఆలోచిస్తాం,” అని కళ్ళు తిప్పేసుకున్నారు.

ఏడో ఇల్లు బస్సు కండక్టరమ్మది. ఆమె అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా కూడా విప్పలేదు. అంతా నిలబడే వింది.

“ఈ మాట చెప్పడానికి ఏడాదిన్నర పట్టిందా బాబాయిగారూ?”

“నాకు తెలిసింది ఇప్పుడేనమ్మా.”

“తెలియకపోవడం వేరు, వినకపోవడం వేరు.” అంతలో మెత్తబడింది. “మావాడు ఇప్పటికీ మీ ఇంటి అమ్మమ్మ భుజం కావాలని ఏడుస్తాడు. కానీ మా అత్తగారు ఒప్పుకోరు. ఆవిడ ఒప్పుకోకపోతే నా చేతిలో ఏం లేదు. పిన్నిగారికి… అడిగానని చెప్పండి.”

మేస్త్రీ ఇంటికి బయల్దేరాడు. దారిలో ఎవరో “మేస్త్రీగారూ!” అని పిలిచినా తిరిగి చూడలేదు.

వెనక గదిలో ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. కట్టు చిన్నదైంది. చెవి వెనక గొరిగిన చోట కుట్లు కనబడుతున్నాయి. చిట్టి పళ్ళెంలో రొట్టె పెట్టి పక్కనే ఉంది. తండ్రి ముఖం చూసి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“ఏడిళ్ళకీ?”

“ఏడిళ్ళకీ.”

“ఏమన్నారు?”

దారి పొడుగునా అతను ఒక మాట కూర్చుకుంటూ వచ్చాడు. ‘కొన్నాళ్ళాగి పంపుతారట,’ అని. ఆపరేషన్ అయిన మనిషి కదా, ఏదో ఒక ఆశ ఉండనీ అనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె ముఖం ఎత్తి చూస్తోంది. మాత్రలు ఆపేశాక, ఏడాదిన్నర తర్వాత ఆ కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

“ఎవరూ పంపరు,” అన్నాడు. “నా మాట నమ్మడం లేదు. కండక్టరమ్మ కొడుకు నీ కోసం ఏడుస్తున్నాడట, కానీ వాళ్ళత్తగారు ఒప్పుకోరట. ఇంక ఎవరూ… అదే జరిగింది. అంతా నేను చేసిందే.”

ఆమె ఏడుపు ఆపుకోవడానికి చూసింది గాని ఆగలేదు. కుట్లు లాగుతాయేమోనని తల కదపకుండా, నిటారుగా కూర్చునే ఏడ్చింది. అలా ఏడవడం ఎంత కష్టమో అతను నిలబడి చూశాడు.

“రేపు మళ్ళీ వెళ్తాను.”

“తలుపులు వేసేస్తారు.”

“వేయనీ. ఎల్లుండి వెళ్తాను.”

“జనం నవ్వుతారు మిమ్మల్ని చూసి.”

“నవ్వారు. నవ్వనీ.”

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. “ముందు కూర్చోండి. పడిపోయేలా ఉన్నారు.”

గదిలో ఇంకో కుర్చీ లేదు. మేస్త్రీ ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు గాని, మాటకి బదులు ఏడుపు వచ్చింది. మోటుగా, గొంతు చించుకుని వచ్చింది. ఎన్నడూ ఏడవని మనిషికి ఏడవడం చేతకాదు. అతని తల వాలి ఆమె పాదానికి తగిలింది.

ఆమె అతని తల మీద చెయ్యి వేయలేదు. ఫరవాలేదనీ అనలేదు. పాదం మాత్రం వెనక్కి తీసుకోలేదు.